మోడల్ విమానాల గ్లో ఇంజిన్‌లో (మిథనాల్ ఇంధనంతో నడిచే చిన్న ఇంజిన్) ఇంధనం పోసే ముందు జాగ్రత్తలు

• ముందు ఇంజిన్ మాన్యువల్ తీయండి. ఇంధనంలో నైట్రోమీథేన్ (పవర్ పెంచే రసాయనం, క్లుప్తంగా నైట్రో), ఆయిల్ ఎంతెంత శాతం ఉండాలో అందులో చూడండి. 40 సైజు (0.40 ఘనపు అంగుళాల, అంటే దాదాపు 6.5 సీసీ) మామూలు టూ-స్ట్రోక్‌కి సాధారణంగా 5 నుంచి 15 శాతం నైట్రో చాలు. పవర్ కోసం 30 శాతం పోసేస్తే ఇంజిన్ వేడెక్కుతుంది, ప్లగ్‌లు కాలిపోతాయి, డబ్బూ దండగ.

• నైట్రో కన్నా ఆయిల్ శాతమే ముఖ్యమని నా గట్టి నమ్మకం. ఈ టూ-స్ట్రోక్‌లకు వేరే లూబ్రికేషన్ లేదు, ఇంధనంలో కలిసి వచ్చే ఆయిలే దిక్కు. 18-20 శాతం ఉంటే నిశ్చింత. బేరింగులకు బదులు బుషింగ్ (సాదా లోహపు గొట్టం) ఉన్న పాత ఇంజిన్లకైతే ఆ ఆయిల్‌లో ఆముదం తప్పనిసరి. మిక్చర్ లీన్ అయి (గాలి ఎక్కువై, ఇంధనం తక్కువై) ఇంజిన్ బాగా వేడెక్కినా ఆముదం పొర అంత త్వరగా తెగదు. ఆర్సీ (రిమోట్ కంట్రోల్) కార్ల ఇంధనంలో సాధారణంగా ఆయిల్ తక్కువ, విమానానికి వద్దు.

• మూత వదులైన పాత డబ్బా వాడకండి. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వానాకాలంలో మరీను. అలాంటి ఇంధనంతో ఐడిల్ (తక్కువ వేగంలో ఇంజిన్ తిరగడం) నిలవదు.

• పెట్రోల్ అసలు కలపొద్దు. సిలికాన్ ట్యూబ్ ఉబ్బి పాడవుతుంది.

• మిథనాల్ విషం. చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది, తాగితే చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. గ్లవ్స్ వేసుకోండి. మంచినీళ్ల సీసాల్లో ఎప్పుడూ పోయకండి, పిల్లలుండే ఇంట్లో అస్సలు వద్దు. దాని మంట ఎండలో దాదాపు కనబడదు కాబట్టి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉంచుకోండి.

• ఆఫ్టర్-రన్ ఆయిల్ కూడా ఇప్పుడే కొని ఉంచుకోండి. ఎగరేయడం అయ్యాక ట్యాంక్ ఖాళీ చేసి, కార్బురేటర్‌లో కొన్ని చుక్కలు వేసి ప్రొపెల్లర్ తిప్పితే బేరింగులు తుప్పు పట్టవు.