కర్నూలులో థ్రిల్లర్ షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారా? మొదటి రెండు నిమిషాల సంగతి

అర్ధరాత్రి. వాన. ఒక అమ్మాయి పరిగెత్తుతుంటుంది, వెనకాల బూట్ల చప్పుడు, హుడీ వేసుకున్నవాడెవడో, ముఖం కనపడదు, చేతిలో కత్తి, ఒక కేక, స్క్రీన్ నల్లబడుతుంది, ఆ వెంటనే తెల్ల అక్షరాల్లో '24 గంటల ముందు'. కాలేజీ పిల్లలు తీసే థ్రిల్లర్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. కర్నూలు ఎండల్లో హుడీ వేసుకుని ఎవడైనా తిరుగుతుంటే హంతకుడని భయపడం, పాపం చలిజ్వరమేమో అనుకుంటాం.

అయితే ఈ అలవాట్లన్నీ చెత్త అని పారేయడానికి లేదు. ఒక్కోదాని వెనకా ఒక పని ఉంది. చీకటి పెట్టేది మనకు కనపడకుండా ఏదో ఉందని చెప్పడానికి. మనిషిని ఒంటరిగా చూపించేది సాయం రాదని చెప్పడానికి. ముఖం దాచి చేతులు మాత్రమే చూపిస్తే, చేస్తున్న పని తెలుస్తుంది గానీ చేసేవాడెవడో తెలియదు. కాబట్టి స్క్రిప్టు మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద ఎడమ పక్క థ్రిల్లర్లలో మీరు మామూలుగా చూసేవన్నీ రాయండి, కుడి పక్క ఒక్కోటి ప్రేక్షకుడి మీద ఏం పని చేస్తుందో రాయండి. తర్వాత ఎడమ పక్కవాటిలో ఒకటో రెండో కొట్టేసి, అదే పని మీ ఊళ్లో ఇంకేది చేస్తుందో వెతకండి. అన్నీ కొట్టేయకండి, అప్పుడది థ్రిల్లరని ఎవరికీ తెలియదు, వ్యవసాయ శాఖ డాక్యుమెంటరీ అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తారు.

ఇదేం కొత్త విద్య కాదు. 1959లో వచ్చిన ఇంగ్లీషు సినిమా 'నార్త్ బై నార్త్‌వెస్ట్'లో దర్శకుడు హిచ్‌కాక్ చేసిందదే. ఒక మనిషిని చంపడానికి రప్పించాలంటే అందరూ చీకటి సందు, వీధి దీపం, తడి రోడ్డు పెడతారు కదా అని, ఆయన పట్టపగలు, చెట్టూ చేమా లేని బయలు పొలాల మధ్య హీరోని నిలబెట్టాడు. నిలబడ్డ చోట దాక్కోవడానికి ఏమీ లేదు. ఒంటరితనం చేసే పని చీకటి కంటే ఆ బయలే బాగా చేసింది.

ఇక మన దగ్గర ఇంకో చిక్కుంది. రాయలసీమలో సినిమా అనగానే బయటివాళ్ల బుర్రలో వేరే లిస్టు రెడీగా ఉంటుంది: వరసగా సుమోలు, గాల్లోకి లేచే దుమ్ము, వేటకొడవళ్లు, నాటు బాంబులు, తెల్ల పంచె. 1999 నుంచి కొన్నేళ్లపాటు ఫ్యాక్షన్ సినిమాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఈ లిస్టును ముద్రేసి పోయాయి. కొండారెడ్డి బురుజు ఫ్రేములో కనపడగానే జనం ఫైటు కోసం చూస్తారు. మీరు దాన్ని చూపించి ఫైటు లేకుండా కథ నడిపితే అదొక రకం ఎదురు తిరగడమే, కాదనను. నన్నడిగితే మాత్రం బురుజు జోలికే పోవద్దంటాను, ఎందుకంటే రెండు నిమిషాల్లో ఆ పాత జ్ఞాపకంతో కుస్తీ పట్టడానికే సగం టైమ్ పోతుంది. ఇంకో మాట, స్నేహితుడి చేతికి అట్ట కొడవలి ఇచ్చి రోడ్డు మీద పరిగెత్తించాలనుకుంటే ముందు స్టేషన్‌లో చెప్పండి. దూరం నుంచి చూసేవాళ్లకు అట్టకూ ఇనుముకూ తేడా తెలియదు.

మరి కర్నూలు జిల్లాలో ఏం తీయొచ్చు? నాకు తోచినదొకటి ఇక్కడ పూర్తిగా విప్పి చెప్తా, మీరు మీ కథకు తగ్గట్టు మార్చుకోండి.

తొలకరి వానలు పడగానే తుగ్గలి మండలం జొన్నగిరి, ఆ చుట్టుపక్కల పొలాల్లోకి జనం వజ్రాల వేటకు దిగుతారని మనందరికీ తెలుసు. వానకు పైమన్ను కొట్టుకుపోయి రాళ్లు బయటపడతాయి, పక్క జిల్లాల నుంచీ, కర్ణాటక నుంచీ కూడా వచ్చి చెట్ల కింద మకాం పెట్టి, తలొంచుకుని వెతుకుతూనే ఉంటారు. ఇంతకంటే మంచి థ్రిల్లర్ లొకేషన్ ఎక్కడ దొరుకుతుంది? మనుషులు బోలెడు, అందరి కళ్లూ నేల మీదే, ఎవరికేం దొరికినా పక్కవాడికి చెప్పరు. ఒంటరితనం ఉంది, కానీ గుంపులో.

మొదటి షాట్ దూరం నుంచి. ఎర్రనేల, వంగిన వీపులు, మాట లేదు. ఇరవై సెకన్లు ఉంచండి, తొందరొద్దు. తర్వాత ఒక కుర్రాడి చేతుల క్లోజప్. మట్టిలో ఏదో మెరుస్తుంది. తీస్తాడు, వేళ్ల మధ్య తిప్పి, బొటనవేలితో మట్టి తుడుస్తాడు. ముఖం ఇంకా చూపించొద్దు. ఇప్పుడు మామూలు థ్రిల్లర్‌లో అయితే వాడు చుట్టూ చూసి జేబులో పెట్టుకుంటాడు, వెనక నుంచి ఒక నీడ పడుతుంది. మీరలా చేయకండి. వాడు మధ్యాహ్నం తిండికి తెచ్చుకున్న స్టీలు డబ్బా మూత తీసి, ఆ రాయిని బొరుగులతో చేసిన ఉగ్గానిలో గుచ్చి, పైన బొరుగులు సర్దేస్తాడు. మూత పెట్టేలోపు పక్కన ఒక ముసలామె వచ్చి కూర్చుంటుంది.

"ఏమన్నా దొరికిందా అబ్బీ?"

"ఏం లేదవ్వా, అన్నీ పలుగురాళ్లే."

"ఉగ్గాని తెచ్చుకుంటివా? నాకూ ఇంత పెట్టు, పొద్దున్నుంచి ఏమీ తినలేదు."

కాదనలేడు, అంటే అనుమానం వస్తుంది. ఆమె చెయ్యి డబ్బాలోకి పోతుంది. ఇక్కడ ఎడిటింగ్ ఆపేయండి. థ్రిల్లరంటే టకటకా కట్ చేయాలని మనకొక నమ్మకం, సరిగ్గా అక్కడే దాన్ని పక్కన పెట్టి ఒకే షాట్‌ను పన్నెండు పదిహేను సెకన్లు కదలకుండా ఉంచండి: చెయ్యి, బొరుగులు, డబ్బా అంచు. ఆమె తీస్తుంది, నోట్లో పెట్టుకుంటుంది, నములుతుంది, ఇంకోసారి తీస్తుంది. నమలడం ఆగుతుంది. ఒక్క క్షణం. మళ్లీ నములుతుంది. ఇప్పుడు మొదటిసారి కుర్రాడి ముఖం. టైటిల్.

ఇందులో పాతదేంటో చూడండి. 1962లో ఫ్రెంచ్ దర్శకుడు త్రుఫోతో మాట్లాడుతూ హిచ్‌కాక్ చెప్పిన బల్ల కింద బాంబు సూత్రమే ఇది. బాంబు ఉన్నట్టుండి పేలితే కాసేపు ఉలిక్కిపడతాం, అది అక్కడుందని మనకు ముందే తెలిసి బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు తెలియకపోతే ఆ మాటలు నడిచినంతసేపూ టెన్షనే. చేతుల క్లోజప్, దాచిన రహస్యం, తేలని ప్రశ్న, ఇవన్నీ పాతవే, ఉంచాం. చీకటి, ఆయుధం, వెంటపడే విలన్ తీసేశాం. భయపెట్టేది ఒక ఆకలిగొన్న అవ్వ.

రాయికి గాజు ముక్కలు వాడొద్దు, నోట్లోకి పోయే వస్తువు. కలకండ కొనండి. పచ్చి వజ్రం ఉంగరంలో రాయిలా ధగధగలాడదు, మసకగా గాజుగోలీలా ఉంటుంది, అందుకని చిన్న కలకండ పలుకు కెమెరాకు సరిగ్గా సరిపోతుంది, పొరపాటున మింగినా ఏం కాదు. ఉగ్గాని తడికి కరుగుతుంది కాబట్టి ప్రతి టేకుకూ కొత్త పలుకు. ఉగ్గాని కూడా ఎక్కువే చేయించుకుపొండి, టేకు టేకుకూ డబ్బాలో అంతే ఎత్తులో ఉండాలి, లేకపోతే ఎడిటింగ్‌లో నిండిన డబ్బా, ఖాళీ డబ్బా, మళ్లీ నిండిన డబ్బా వస్తుంది. బజ్జీలు యూనిట్‌కు వేరే పెట్టండి, లేకపోతే షాట్ కోసం పెట్టిన ఉగ్గానినే తినేస్తారు.

ఫోన్‌తో తీసేటట్టయితే మాన్యువల్ సెట్టింగులున్న యాప్‌లో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద తీసే సీన్లలోనూ మినుకులు రావు. అదే షట్టర్‌తో ఎండలో తీస్తే బొమ్మంతా తెల్లగా మాడిపోతుంది, దానికి లెన్స్ ముందు పెట్టి వెలుగు తగ్గించే నల్లటి అద్దం, అంటే ఎన్‌డీ ఫిల్టర్ ఒకటి కావాలి. ఎక్స్‌పోజర్ లాక్ చేయడం మరవొద్దు, మబ్బు పోయినప్పుడల్లా ఫోను తనంతట తాను వెలుగు మారుస్తుంటే టెన్షన్ మొత్తం గాలికి పోతుంది. మామూలుగా కెమెరామెన్ మిట్టమధ్యాహ్నం ఎండను తిడతారు, ఎందుకంటే నెత్తిమీద పడే వెలుగుకు కళ్లు గుంటల్లో నల్లగా పోతాయి. థ్రిల్లర్‌కు మనకు కావలసింది అదే కదా, లైట్ల అద్దె లేకుండా వస్తుంటే వద్దంటామా. కాకపోతే ఆ వేడికి ఫోను కెమెరా ఆగిపోతుంది, ఇద్దరు గొడుగులు పట్టుకుని నిలబడాలి. కుర్రాడూ అవ్వా ఎదురెదురుగా ఉన్నప్పుడు కెమెరా వాళ్లకు ఒకే పక్కన ఉండనివ్వండి, అటూ ఇటూ దూకితే ఎవరు ఎవరిని చూస్తున్నారో తెలియదు.

సౌండ్ దగ్గర ఇంకాస్త కష్టపడండి, ఎక్కువమంది ఓడిపోయేది అక్కడే. నెట్‌లో దొరికే గుండె చప్పుడు, 'ధామ్' అనే మోత, రెండూ వద్దు. మట్టి తవ్వే చప్పుడు, డబ్బా మూత తీసిన మోత, బొరుగులు నమిలే శబ్దం, ఇవి మీ బీజీఎం. ఫోను మైకును డబ్బాకు దగ్గరగా పెట్టి విడిగా రికార్డు చేసుకోండి, గాలి కొట్టకుండా మైకుకు స్పాంజి తొడగండి. ఆమె నమలడం ఆగినప్పుడు మిగతా చప్పుళ్లన్నీ తగ్గించి, ఆ మౌనం రెండు సెకన్లు ఉంచి, మళ్లీ పొలం శబ్దం వదలండి.

పేర్లు నల్ల స్క్రీన్ మీద వేసి టైమ్ తినొద్దు, ఆ మొదటి లాంగ్ షాట్‌లో వంగిన వీపుల మీదే చిన్నగా రానివ్వండి.

పర్మిషన్ సంగతి చిన్నదే గానీ తప్పించుకోలేరు. పొలం రైతుది, విత్తనం పడే టైమ్‌లో పదిమంది తొక్కితే ఆయన నష్టపోతాడు, అడిగి, విత్తని గట్టు పక్క జాగా చూసుకోండి. నిజంగా వెతుక్కునేవాళ్ల ముఖాలు వాళ్లకు చెప్పకుండా తీయొద్దు. వీపులకు మీ క్లాసువాళ్లు చాలు. రైలు పట్టాల మీద షాట్ పెట్టాలని ఎవడో ఒకడు తప్పక అంటాడు, రైల్వే అనుమతి లేకుండా అది కుదరదు, ప్రమాదం కూడా, అక్కడికక్కడే కొట్టేయండి.

ఎడిటింగ్ అయ్యాక కథ తెలియని ఎవరికైనా ఫోన్‌లో చూపించండి, ఏమీ చెప్పకుండా. అయిపోగానే "అవ్వ మింగేసిందా, బుగ్గలో దాచిందా?" అని వాళ్లే అడిగితే మీ సీన్ పనిచేసినట్టు. "డబ్బాలో పెట్టిందేంటి?" అని అడిగితే రాయి షాట్ సరిగ్గా పడలేదని అర్థం, ఎండ ఏటవాలుగా ఉన్న పొద్దున ఎనిమిది లోపు వెళ్లి ఆ ఒక్క క్లోజప్ మళ్లీ తీసుకురండి. చేతులు, మట్టి, పలుకు తప్ప ఇంకేమీ ఫ్రేములోకి రానివ్వకపోతే మిగతా షాట్లు మధ్యాహ్నానివైనా అతుకు కనపడదు.