వేసవి నాయకత్వ శిబిరానికి దరఖాస్తు చేస్తున్నారా?

నేను హనుమకొండలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన టీచర్ని. విద్యార్థులకు పాలన, నాయకత్వం నేర్పే వేసవి శిబిరాల ఎంపికకు నన్నూ పిలుస్తుంటారు. అక్కడ చూసిందే చెబుతున్నాను.

ముందు చదివేది మీ వ్యాసం. చాలావరకు కలాం గారితో మొదలై దేశసేవతో ముగుస్తాయి. పేరు చెరిపేస్తే ఎవరు రాశారో పోల్చుకోలేం. క్లాస్ లీడర్, ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్ అంటూ పదవులు ఏకరువు పెట్టినా అంతే. చేసిన పని ఒక్కటి రాయండి, చిన్నదైనా సరే. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి బడి ముందు మురుగుకాలువ గురించి రాసింది. పంచాయతీ కార్యదర్శికి అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుంది. కదలిక లేకపోతే గ్రామసభలో అమ్మమ్మ చేత అడిగించింది, తనకింకా ఓటు రాలేదు కనుక! కాలువ సగమే బాగైందని కూడా దాచకుండా రాసింది. ఆమె ఎంపికకు మాలో ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఇంటర్వ్యూలో పిల్లలు తడబడేది ఏ పని ఎవరి చేతిలో ఉందన్న దగ్గరే. వీధిదీపం వెలగకపోతే ఊళ్లో పంచాయతీని, వరంగల్‌లో నగరపాలక సంస్థను అడగాలి. చాలామంది నేరుగా ఎమ్మెల్యే దగ్గరికి వెళ్తామంటారు. తెలంగాణ శాసనసభలో 119 స్థానాలని కంఠతా వస్తే మంచిదే. ప్రశ్నోత్తరాలకు ముందే నోటీసు ఇవ్వాలని, జీరో అవర్ అప్పటికప్పుడు తలెత్తిన విషయాలకని చెప్పగలిగితే ఇంకా మంచిది. ఆదర్శ నాయకుడెవరంటే పీవీ అంటారు, సంతోషమే. ఆయన ప్రధాని కావడానికి 34 ఏళ్ల ముందే, 1957లో, మంథని నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు వెళ్లారన్నది మాత్రం ఎవరి నోటా రాదు.

బృందచర్చలో గొంతు పెంచితే మార్కులు పడవు. "ఇందాక ఆ బాబు చెప్పినదానికి నాదొక సవరణ" అన్నవాళ్ల పేరు పక్కన నేను టిక్కు పెడతాను. ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగులో చెప్పవచ్చా అని అడగండి.

సిఫారసు లేఖకు ఆఖరి రోజున టీచర్ దగ్గరికి పరుగెత్తితే "క్రమశిక్షణ గల విద్యార్థి" అన్న ముక్కే దొరుకుతుంది. రెండు వారాల ముందే వెళ్లి, చేసిన పనులు కాగితం మీద రాసివ్వండి.

ఇంటర్ వాళ్లు ఎప్‌సెట్ తేదీలు సరిచూసుకోండి. ఇంట్లో అనుమతి కూడా దరఖాస్తుకు ముందే అడగాలి. ఆడపిల్లలైతే బస ఎక్కడో, వెంట ఎవరుంటారో నిర్వాహకుల ఫోను నంబరుతో సహా నాన్న ముందు పెట్టండి. సగం వాదన అక్కడే తెగిపోతుంది.