మునగ గింజలతో ఉప్పు నీళ్లు మెత్తబడతాయా? ఇంట్లోనే చూసుకోండిలా

నాలుగు విజిల్స్ వచ్చినా కందిపప్పు పలుకుగానే ఉంటోందా? బకెట్ అంచున తెల్లగా పొర కడుతోందా? అది చాలావరకు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం చేసే పని. ఇవి ఎక్కువున్న నీళ్లనే ఇక్కడ ఉప్పు నీళ్లంటున్నాం, ఆ గుణాన్ని కాఠిన్యం (హార్డ్‌నెస్) అంటారు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇది మామూలే. వచ్చేవి కృష్ణా, గోదావరి నీళ్లైనా సంపులో బోరు నీళ్లు కలుస్తుంటాయి. అందుకే సంపులోకి పడే పైపు దగ్గర, వంటింటి కుళాయి దగ్గర విడివిడిగా పరీక్షించండి.

1. సబ్బు పరీక్ష. ఒకేలాంటి రెండు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో సగానికి ఆర్వో నీళ్లు, రెండోదాంట్లో అంతే కుళాయి నీళ్లు పోయండి. రెండింటిలోనూ చిటికెడు స్నానం సబ్బు తురుము వేసి అరనిమిషం ఊపండి. ఉప్పు నీళ్ల సీసాలో నురగ నిలవదు, విరిగిన పాలలా తెల్లటి తెట్టు తేలుతుంది. డిటర్జెంట్, హ్యాండ్‌వాష్ వాడకండి. అవి ఉప్పు నీళ్లలోనూ నురగలిచ్చి మనల్ని బోల్తా కొట్టిస్తాయి.

2. అంకె కావాలంటే ఆన్‌లైన్లో దొరికే హార్డ్‌నెస్ స్ట్రిప్ ముంచి, రంగు పోల్చుకోండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మి.గ్రా. లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. టీడీఎస్ మీటర్ మీద మాత్రం మరీ నమ్మకం పెట్టుకోకండి. కరిగిన లవణాల మొత్తం ఎంతో సుమారుగా చూపిస్తుందంతే, అందులో కాఠిన్యం ఎంతో చెప్పదు. క్రిముల సంగతి దానికసలే తెలియదు.

3. గింజలు. చెట్టునే ఎండిన మునక్కాయల్లోంచి తీయండి. విత్తనాల షాపువి వద్దు, వాటికి మందు పట్టించి ఉండొచ్చు. రెక్కలు, పైపెంకు ఒలిస్తే లోపల తెల్లటి పప్పు ఉంటుంది. నల్లబడినవి పారేసి, మిగిలినవి మెత్తగా దంచి జల్లించండి. 20 లీటర్ల బిందెకు సుమారు 2 గ్రాములు చాలు.

4. కలపడం. పొడిని గ్లాసుడు మంచినీళ్లలో వేసి ఐదు నిమిషాలు గిలక్కొట్టి, గుడ్డలో వడకట్టి, ఆ పాలలాంటి నీళ్లు బిందెలో పోయండి. మొదట ఒక నిమిషం జోరుగా, తర్వాత పది నిమిషాలు నెమ్మదిగా తిప్పండి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. నెమ్మదిగా తిప్పితేనే మడ్డి ముద్దలు కడుతుంది. గింజలోని ప్రొటీన్‌కు ధన విద్యుదావేశం, మట్టి రేణువులకు రుణావేశం. అందుకే ఒకదాన్నొకటి పట్టుకుని అడుక్కి దిగుతాయి. రెండు గంటలు కదపకుండా ఉంచి, పైతేట వంచుకోండి.

మన పల్లెల్లో చిల్లగింజ అరగదీసి చెరువు నీళ్లలో కలిపేది కూడా ఇలా తేటపరచడానికే.

5. మళ్లీ స్ట్రిప్ ముంచండి. గింజలు బురదను తీసినంత బాగా కాఠిన్యాన్ని తీయవు. కొంత తగ్గుతుంది, అదీ నీళ్లను బట్టి. కాఠిన్యం ఎక్కువైతే పొడీ ఎక్కువే పడుతుంది. మెరుస్తున్న బోరు నీళ్లకు ఇంత శ్రమ దండగ అనే నేనంటాను. పప్పుకైతే నీళ్లు ముందే మరగబెట్టి, చల్లార్చి, అడుగున దిగిన సున్నం వదిలేసి వాడుకోవడం సులువు. బైకార్బొనేట్ వల్ల వచ్చిన కాఠిన్యం అలా పోతుంది.

ఫ్లోరైడ్ ఉన్న నల్గొండ వైపు బోర్లకు ఈ చిట్కాను నమ్ముకోవద్దు, ల్యాబ్‌లో చూపించుకోవాల్సిందే. తేటపడిన నీళ్లైనా కాచే తాగాలి, ఆ రోజే వాడేయాలి. గింజల సారం మిగిలి ఉంటుంది కాబట్టి మర్నాటికి వాసన వస్తాయి.