రెండో కాలితోనూ ఆడించడం ఎలా? రహీం సాబ్ చూపిన దారి

"ఎడమ కాలు వాడరా!" అని అరిచి అరిచి నా గొంతు పోయేది, పిల్లల ఆట మాత్రం మారేది కాదు. సర్కారు బడిలో పీఈటీగా ఏళ్ల తరబడి ఇదే తంతు. ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఏం చేశారో తెలిశాకే అరవడం మానేశాను.

రహీం సాబ్ మన హైదరాబాద్ మనిషి. 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదువుతూ ఫుట్‌బాల్ ఆడారు, బడిలో పాఠాలు చెప్పారు, తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. 1950 నుంచి ఆ జట్టు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

నాకు వీటికంటే పెద్దగా కనిపించేది ఇంకొకటి ఉంది. ఆయన కుర్రాళ్లకు ప్రత్యేకంగా పోటీలు పెట్టించారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్, అంటే బంతిని కాళ్ల దగ్గరే పెట్టుకుని తోసుకుంటూ పోవడం, చేయకూడదు. ఇంకోదాంట్లో అలవాటు లేని కాలితోనే ఆడాలి. ఏం చేయాలో కోచ్ చెప్పక్కర్లేదు, ఆట నియమమే చేయిస్తుంది.

మీరూ అలాగే మొదలుపెట్టండి. ఏ కాలు బలమైనదో పిల్లల్ని అడగొద్దు. చెప్పకుండా బంతి దొర్లించండి, ఏ కాలు ముందుకొస్తే అదే. ఆ కాలికి ఎర్ర రిబ్బన్ కట్టండి. ముప్పై అడుగులు దాటని చిన్న చోటులో సున్నంతో గీతలు గీసి, నలుగురేసి చొప్పున ఆడించండి. బంతిని ఏ కాలితోనైనా ఆపొచ్చు. పాస్ మాత్రం రిబ్బన్ లేని కాలితోనే. తప్పితే బంతి అవతలి జట్టుకు. ఐదు నిమిషాలు ఆట, రెండు నిమిషాలు విశ్రాంతి. మొదటి వారం ఆట చాలా అధ్వానంగా ఉంటుంది. కంగారుపడి నియమం సడలించకండి.

పాస్ గాల్లోకి లేస్తోందంటే తన్నే కాలును కాదు, ఆనుకునే కాలును చూడండి. మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఎడమ కాలితో తన్నిన ప్రతిసారీ బంతి పైకే పోయేది. వంగి చూస్తే ఆమె కుడి పాదం బంతికి మూరెడు వెనక ఉంది. దాంతో నడుం వెనక్కి వాలిపోతోంది. బంతి పక్కన జానెడు దూరంలో ఆమె కుడి బూటు ఆకారాన్ని ముగ్గుపిండితో గీశాను. "నువ్వు తన్నడం గురించి ఆలోచించకమ్మా, ఈ గీతలో కాలు పెట్టు చాలు" అన్నాను. నాలుగోసారికి బంతి నేలను అంటుకుని గోడ దాకా వెళ్లింది. "సార్, ఇది నా కాలేనా?" అంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక కూడా ఆ మాటే చెవుల్లో ఉంది.

పాస్ కుదిరాక రెండు టచ్‌లు, అంటే బంతిని రెండుసార్లే తాకి ఇచ్చేయాలి, ఆ తర్వాత ఒకే టచ్. ఇక్కడ డ్రిబ్లింగ్ నిషేధం తెచ్చిపెట్టండి. బంతి రాకముందే తల తిప్పి చూసుకోవడం దానంతట అదే వస్తుంది. అయితే ఎప్పుడూ నిషేధమే పెడితే డ్రిబ్లింగ్ ఇష్టపడే పిల్లలు చిన్నబోతారు, అందుకే నేను వారానికి రెండు రోజులే పెడతాను.

మ్యాచ్‌కు రెండు రోజుల ముందు రిబ్బన్లు విప్పేయండి. మ్యాచ్ రోజు గ్రౌండ్ బయట నిలబడి "ఎడమ, కుడి" అని ఒక్క మాట కూడా అనకండి. మ్యాచ్ అయ్యాక, రెండో కాలితో ఇచ్చిన పాస్‌లు ఎన్నో పిల్లల్నే చెప్పనివ్వండి.