అతిథి కుదురుగా కూర్చునే ఇల్లు – 4వ పాఠం: కుర్చీల అమరిక

మూడో పాఠంలో చెప్పిన దీపాల పని పూర్తిచేశారనుకుంటాను. నెత్తిమీద వెలిగే ఒకే ఒక పెద్ద దీపం మీద ఆధారపడకుండా, ముఖం మీదికి పక్కనుంచి మెత్తని వెలుతురు పడేలా చిన్న దీపాలు పెట్టుకోవడం అందులోని పని. అది మిగిలిపోయినవారు ముందు దాన్ని ముగించుకుని రండి. ఎదుటివారి ముఖం సరిగా కనిపించని గదిలో కుర్చీలు ఎన్ని రకాలుగా జరిపినా ప్రయోజనం తక్కువ.

ఈ పాఠానికి కావలసినవి ఒక కొలత టేపు, సోఫా జరపడానికి ఇంకొకరి సాయం, అంతే. కొత్తగా ఏదీ కొనవద్దు.

మొదటి పని: అతిథిని ఎక్కడ కూర్చోబెడతారో అక్కడ మీరు పది నిమిషాలు కూర్చోండి. ఫోను పక్క గదిలో పెట్టి రండి. చేతిలో నిండా నీళ్లున్న గ్లాసు పట్టుకోండి. ఇక గమనించండి. గ్లాసు పెట్టడానికి చోటుందా, లేక నడుం వంచి నేలమీద పెట్టవలసి వస్తోందా? ఎదురుగా ఉన్న కిటికీ వెలుగు కళ్లలో కొడుతోందా? మెత్తని సోఫాలో కూరుకుపోయి, మోకాళ్లు నడుముకన్నా పైకి వచ్చాయా? లోపలి గది తలుపు తెరిచి ఉంటే మంచం, దానిమీది విడిచిన బట్టలు నేరుగా కనిపిస్తున్నాయా? అలా కనిపిస్తే అతిథి మర్యాద కోసం చూపు తిప్పుకుంటూ ఉంటారు. ఆ అవస్థ మీకు చెప్పరు, తొందరగా లేచి వెళ్లిపోతారు. కనిపించినవన్నీ కాగితం మీద రాసుకోండి.

రెండో పని దూరం కొలవడం. చాలా ఇళ్లలో సామానంతా గోడలకు ఆనించి ఉంటుంది. మధ్యలో ఖాళీ ఉంటే గది పెద్దదిగా కనిపిస్తుందన్న నమ్మకం. కనిపిస్తుంది, నిజమే. కానీ ఎదురెదురు గోడల దగ్గర కూర్చున్న ఇద్దరి మధ్య నాలుగు మీటర్లుంటే గొంతు పెంచి మాట్లాడాలి. గొంతు పెంచి చెప్పుకునేవి కుశల ప్రశ్నలే తప్ప మనసులో మాటలు కావు.

అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో ఈ దూరాలకు హద్దులు చెప్పాడు: దగ్గరివారితో మాట్లాడే దూరం సుమారు 45 సెంటీమీటర్ల నుంచి 1.2 మీటర్ల దాకా, పరిచయస్తులతో, పనిమీద వచ్చినవారితో 1.2 నుంచి 3.6 మీటర్ల దాకా. ఈ అంకెలు అమెరికన్లను చూసి వేసినవి, దేశాన్ని బట్టి మారతాయని ఆయనే అన్నాడు. అందుకని వీటిని గీటురాయిగా కాక మొదలుపెట్టడానికి ఒక ఆధారంగా తీసుకోండి. ముఖానికీ ముఖానికీ మధ్య మీటరున్నర నుంచి రెండు మీటర్లు ఉండేలా సోఫాను, కుర్చీలను గోడనుంచి ముందుకు లాగండి. సోఫా వెనక జానెడు ఖాళీ మిగిలితే కంగారు పడకండి.

మూడో పని, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: కోణం. ఇద్దరు సరిగ్గా ఎదురెదురుగా కూర్చుంటే చూపు తప్పించుకోవడానికి దారుండదు, అది ఇంటర్వ్యూ అయిపోతుంది. పక్కపక్కనే కూర్చుంటే మెడ తిప్పి మాట్లాడాలి. బల్ల మూలకు అటొకరు ఇటొకరు కూర్చున్నట్టు, రెండు కుర్చీలు ఒకదానికొకటి లంబంగా ఉంటే చూడాలనిపించినప్పుడు చూడవచ్చు, లేనప్పుడు చూపు గదిలోకి పోనివ్వవచ్చు. మాట మధ్యలో వచ్చే మౌనం కూడా ఇబ్బంది పెట్టదు.

ఇది ఒట్టి అభిరుచి సంగతి కాదు. 1950లలో కెనడాలోని ఒక ఆస్పత్రిలో, వృద్ధ స్త్రీలుండే వార్డులో కుర్చీలన్నీ గోడల వెంట వరసగా ఉండేవి. రాబర్ట్ సోమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వాటిని చిన్న బల్లల చుట్టూ వేయించాడు. కొన్ని వారాల తరవాత లెక్క చూస్తే వారి మధ్య మాటలు బాగా పెరిగాయి. మనుషులు మారలేదు, కుర్చీలు మారాయి. అక్కడి భోజనశాలలోనూ బల్ల మూలకు కూర్చున్నవారే ఎక్కువగా మాట్లాడుకోవడం ఆయన గమనించాడు.

ముగ్గురు కూర్చునే సోఫా గురించి ఒక మాట. ఆచరణలో దానిమీద కూర్చునేది ఇద్దరే. మూడో మనిషి వస్తే మధ్యలో ఇరుక్కుని రెండు వైపులా క్షమాపణలు చెప్పుకుంటూ కూర్చుంటారు. చిన్న గదికి పెద్ద సోఫా కన్నా తేలిగ్గా జరిపే విడి కుర్చీలు ఎంతో మేలు. ఒక కుర్చీ మాత్రం గట్టి చేతులతో, కూర్చునే ఎత్తు 45 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉండాలి. పెద్దవారు, మోకాళ్ల నొప్పులున్నవారు దానిలోంచి ఎవరి సాయం లేకుండా లేవగలరు. దాన్ని తలుపుకు దగ్గరగా, కానీ తలుపుకు వీపు పెట్టకుండా వేయండి. వెనకనుంచి మనుషులు వచ్చిపోతుంటే ఎవరికీ కుదురు ఉండదు.

నడిచే దారికి 75 నుంచి 90 సెంటీమీటర్లు వదలండి. ఆ దారి మాట్లాడుకునేవారి మధ్యనుంచి పోకూడదు. ప్రతి కుర్చీకి చేయి చాపితే అందేంత దూరంలో గ్లాసు పెట్టుకునే చోటుండాలి; స్టూలైనా చాలు.

టీవీ తీసేయమని అనను. అయితే కుర్చీలన్నీ దానివైపే తిరిగి ఉంటే, అది ఆపేసి ఉన్నా గదికి అదే పెద్ద దిక్కు. కనీసం రెండు కుర్చీలైనా దానినుంచి పక్కకు తిప్పండి.

ఇంటివారి సంగతి మరిచిపోలేదు. ఎవరైనా వస్తే తప్ప వాడని గదిలో ఎంత సర్దినా ఒక బిగువు ఉంటుంది. పిల్లలను అదిలించి, కవర్లు తీసి అప్పటికప్పుడు సిద్ధం చేసిన గది అని వచ్చినవారికి ఇట్టే తెలిసిపోతుంది. కిటికీ పక్కన మీరొక్కరే కూర్చుని చదువుకునే కుర్చీ ఒకటి ఆ గదిలోనే పెట్టుకోండి. రోజూ వాడండి.

అభ్యాసం: ఈ అమరికను రెండు వారాలు కదపకుండా ఉంచండి. మొదటి రోజుల్లో ఇంట్లోవారు అలవాటు కొద్దీ కుర్చీలను గోడవైపు నెడతారు. మళ్లీ ముందుకు లాగండి. పదే పదే ఒకే కుర్చీ ఒకే చోటికి జరుగుతుంటే అది అలవాటు కాదు, అమరికలోనే లోపముంది. ఆ కుర్చీని వారు జరిపిన చోటనే వదిలేసి, మిగతావాటిని దానికి తగ్గట్టు మార్చండి. ఎవరు ఎక్కడ ఎంతసేపు కూర్చున్నారో రాసిపెట్టుకోండి. గదిలో మాట ప్రతిధ్వనించడం, వీధి చప్పుడు గురించిన అయిదో పాఠానికి ఆ కాగితం కావాలి.