టామాక్సిఫెన్ ఆపి గర్భానికి సిద్ధమయ్యే ముందు

రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిసి, క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే హార్మోన్ మందు టామాక్సిఫెన్ బిళ్లను రోజూ వేసుకుంటున్నవారు పిల్లల కోసం అనుకోగానే చేసే పొరపాటు: ఇవాళ బిళ్ల మానేసి వచ్చే నెల నుంచే ప్రయత్నించడం. ఆ మందు ఒంట్లో వారాల తరబడి ఉండిపోతుంది, కడుపులో బిడ్డ అవయవాలు ఏర్పడే దశలో హాని చేయగలదు. చివరి బిళ్ల వేసుకున్న తేదీ క్యాలెండర్ మీద రాసుకుని, అక్కడి నుంచి 3 నెలలు లెక్కపెట్టండి.

అసలు గండం ఈ 3 నెలల్లోనే. టామాక్సిఫెన్‌తో కొందరికి నెలసరి ఆగిపోతుంది. నెలసరే లేనప్పుడు గర్భమెలా వస్తుందనుకుంటారు. కానీ అండం విడుదలను ప్రేరేపించే గుణం ఈ మందుకు ఉంది. మందు వాడినన్నాళ్లూ, ఆపాక 3 నెలలూ నిరోధ్ గానీ కాపర్ టీ గానీ తప్పదు. గర్భనిరోధక మాత్రలు, హార్మోన్ ఉన్న లూప్ వద్దు.

ఎప్పుడు ఆపాలన్నది ఆంకాలజిస్టే తేల్చాలి. 2023లో ఫలితాలు వెలువడిన ‘పాజిటివ్’ అనే పేరున్న అధ్యయనంలో 42 ఏళ్లు మించని 516 మంది, 18 నుంచి 30 నెలలు హార్మోన్ మందు వాడాక, గరిష్ఠంగా 2 ఏళ్లు విరామం తీసుకున్నారు. మూడేళ్లలో క్యాన్సర్ తిరగబెట్టింది 8.9 శాతం మందికి. పోలిక కోసం తీసుకున్న బృందంలో 9.2 శాతం. ధైర్యమిచ్చే లెక్కే. అయితే వాళ్లలో దాదాపు అందరిదీ తొలి దశ క్యాన్సర్, పదేళ్ల తర్వాతి సంగతి ఇంకా తేలాలి. అత్తింటివాళ్ల తొందర చూసి ఆపేసే మందు కాదిది.

హెర్2 రకం రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే ట్రాస్టుజుమాబ్ తీసుకున్నవారి లెక్క వేరు: చివరి డోసు తర్వాత 7 నెలలు ఆగాలి. ఈలోపు గర్భం వస్తే ఉమ్మనీరు తగ్గిపోయే ప్రమాదం ఉంది.

పాత ఫైలు తీయండి. ఎర్రటి కీమో ఎక్కించి, మూత్రం కూడా ఎర్రగా వచ్చిందంటే అది చాలావరకు డోక్సోరూబిసిన్. ఒంటి ఉపరితలం చదరపు మీటరుకు 60 మిల్లీగ్రాముల చొప్పున 4 సైకిళ్లయితే మొత్తం 240. మొత్తం 250 చేరినా, ఎడమ వైపు రేడియేషన్ కూడా పడినా గుండె మీద మరింత జాగ్రత్త. గర్భంలో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, బలహీనపడిన గుండె కండరం ఆ భారం మోయలేకపోవచ్చు. ఎకో (గుండె స్కాన్) గర్భానికి ముందే చేయించాలి, తర్వాత ఎప్పుడెప్పుడన్నది కార్డియాలజిస్ట్ చెబుతారు.

మామోగ్రామ్, ఇతర స్కాన్లు కూడా ఆ 3 నెలల్లోనే పూర్తిచేసుకోవాలి. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ అప్పుడే మొదలుపెట్టవచ్చు. నెలసరి తిరిగొచ్చినా అండాలు తగినన్ని మిగిలాయని కాదు, అండాల నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ రక్తపరీక్ష చూసుకోండి. ఐవీఎఫ్ అవసరమైతే, ఈస్ట్రోజెన్ పెరగకుండా ఇంజెక్షన్లతో పాటు లెట్రోజోల్ అనే మాత్ర ఇస్తారా అని అడగండి. రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యు లోపం ఉంటే అది బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. జన్యు సలహా గర్భానికి ముందే తీసుకోవాలి.

గర్భంలో రొమ్ము గట్టిపడటం మామూలే కదా అని కొత్త గడ్డను వదిలేయకండి. అల్ట్రాసౌండ్, అవసరమైతే సూది బయాప్సీ గర్భంలోనూ చేయవచ్చు.

రేడియేషన్ పడిన రొమ్ములో పాలు తక్కువే, రెండోదాంతో పట్టవచ్చు. టామాక్సిఫెన్ మళ్లీ మొదలుపెట్టాక మాత్రం పాలివ్వకూడదు. ఎన్ని నెలలు పాలిచ్చి, ఏ తేదీన మందు మొదలుపెట్టాలో డెలివరీకి ముందే ఫైల్లో రాయించుకోండి.