బంగారు కణాలపై డీఎన్‌ఏ రాత – 4వ పాఠం: ఉప్పు పెంచడం

గత పాఠంలో 13 నానోమీటర్ల బంగారు కణాల ద్రావణంలో, చివర థయోల్ (బంగారానికి అతుక్కునే గంధకపు గుంపు) ఉన్న డీఎన్‌ఏ పోగులు కలిపి రాత్రంతా వదిలేశాం. రంగు ఎర్రగానే ఉంటే మంచిదే, కానీ పని సగమే అయింది.

కణాల మీద పూతలా ఉండే సిట్రేట్ వల్ల బంగారం మీద రుణావేశం ఉంటుంది, డీఎన్‌ఏదీ రుణావేశమే. కాబట్టి ముందు అతుక్కున్న పోగులు తర్వాత వచ్చేవాటిని దగ్గరికి రానివ్వవు. ఈ వికర్షణను తగ్గించేది ఉప్పు. చిక్కేమిటంటే, కణాలను ఒకదానికొకటి దూరంగా ఉంచేదీ ఆ వికర్షణే. ఉప్పు 0.001 మోలార్ ఉన్నప్పుడు సుమారు 10 నానోమీటర్ల దాకా ఉండే వికర్షణ ప్రభావం, 0.1 మోలార్‌కి 1 నానోమీటర్‌కి పడిపోతుంది. అప్పటికి పోగులు దట్టంగా లేకపోతే కణాలు గుంపుకట్టి, ద్రావణం నీలంగా మారి, నల్లటి మడ్డి అడుగుకు చేరుతుంది. ఆ బ్యాచ్ పోయినట్టే.

అందుకే ఉప్పును మెట్లు మెట్లుగా పెంచాలి. ముందు ఫాస్ఫేట్ బఫర్, 0.01 శాతం ట్వీన్ 20 (సబ్బులాంటి పదార్థం) కలపండి. 1 మి.లీ. ద్రావణానికి 2 మోలార్ ఉప్పునీరు 26 మైక్రోలీటర్లు వేస్తే 0.05 మోలార్ అవుతుంది. ఒక్కో చుక్కా వేస్తూ ట్యూబ్‌ని కదుపుతూ ఉండండి. చుక్క పడినచోట ఉప్పు ఒక్కసారిగా ఎక్కువవుతుంది కదా. కొన్ని గంటలు ఆగి మరో 27 వేస్తే 0.1. ఇలా ఒకటి రెండు రోజుల్లో 0.3 దాకా వెళ్లండి.

2012లో వచ్చిన పీహెచ్ 3 సిట్రేట్ పద్ధతి, 2017లో వచ్చిన, ద్రావణాన్ని మంచులా గడ్డకట్టించే పద్ధతి దీనికంటే చాలా త్వరగా అయిపోతాయి. అయినా మొదటిసారి నిదానమైన దారే నేర్చుకోండి. ఏ మెట్టులో తేడా వచ్చిందో కళ్లకు కనిపిస్తుంది.

తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మూడుసార్లు కడగాలి. ఇది మాత్రం వదలొద్దు: అతుక్కోని పోగులు మిగిలితే, మనం చదవాల్సిన పోగును అవే పట్టేసుకుంటాయి. శుభ్రమైన కణాలను 4 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో ఉంచండి. బఫర్‌లో డీటీటీ (థయోల్ గుంపులున్న ఒక రసాయనం) ఉండకూడదు, అది డీఎన్‌ఏను బంగారం నుంచి ఊడదీస్తుంది.

ఇక చదవడం. వేర్వేరు పోగులు తొడిగిన రెండు బ్యాచ్‌లు కలిపి, రెండింటికీ జతకుదిరే మూడో పోగు వేయండి. ఎరుపు ఊదాగా మారుతుంది. వేడిచేస్తే తిరిగి ఎరుపు, చల్లారిస్తే మళ్లీ ఊదా. 1996లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త చాడ్ మిర్కిన్ బృందం చూపించింది ఇదే. వేడిచేసినా ఎరుపు తిరిగి రాకపోతే, కణాలను గుంపుకట్టించింది డీఎన్‌ఏ రాత (పోగులు జతకుదరడం) కాదు, ఉప్పు.

అభ్యాసం: 2 మోలార్‌కి బదులు 5 మోలార్ ఉప్పునీరు ఉంటే, 1 మి.లీ.లో మొదటి మెట్టుకు ఎంత వేయాలి? అది ఎందుకు ఎక్కువ ప్రమాదం?